అమృతబజారు శిశిరకుమారుడు

ప్రతిదినము ఉదయమున వార్తాపత్రిక మన యింటి గడపలో వచ్చి పడుచుండును. ధరవరలు, వానలు, ఆటపాటలు, పరీక్షాఫలితములు చదివి మనము దానిని మడచి ప్రక్కన పెట్టుదుము. కాని ఒక్కొక్కప్పుడు ఆ పుటలలో ప్రభుత్వము దాచదలచిన సంగతి యొకటి బయటపడును. అంతట కోలాహలము చెలరేగును. దేశక్షేమమునకు భంగము కలిగెనని పాలకులందురు. నిజము తెలిసికొను హక్కు మాకు గలదని ప్రజలందురు. ఈ వివాదము నేడు పుట్టినది కాదు. మన దేశమున నూరేండ్లకు పూర్వమే దీనిని ఎదుర్కొన్న పత్రికాసంపాదకుడు శిశిరకుమార ఘోషు. ఆయన జీవితము మన పాఠశాల బాలబాలికలకు మరియొక కారణమునను తెలియదగినది. మాతృభాషలో మాటాడుటయే నేరమగునట్టి కాలము వచ్చినప్పుడు ఆయన యేమి చేసెనో, దానికేమి మూల్యము చెల్లించెనో మనవంటివారు తప్పక ఆలోచింపవలసి యున్నది.

శిశిరకుమారుడు 1840వ సంవత్సరమున వంగదేశములోని జెస్సోరు జిల్లాలో ఒక పల్లెయందు జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమున నున్నది. తండ్రి హరినారాయణ ఘోషు న్యాయవాది. తల్లి అమృతమయీదేవి. కుమారులు ఊరిలో నొక అంగడివీధిని నెలకొల్పి తల్లి పేర దానికి అమృతబజారు అని పేరిడిరి. కాలక్రమమున ఊరికిని ఆ పేరే నిలిచెను. అనంతరకాలమున దేశమంతట మారుమ్రోగిన పత్రిక పేరు ఈ విధముగా ఒక తల్లి పేరునుండి పుట్టినది. అన్నదమ్ములలో వసంతకుమారుడు, హేమంతకుమారుడు పెద్దవారు. మోతీలాలు శిశిరకుమారునికంటె ఏడేండ్లు చిన్నవాడు. ఈ సోదరుల మధ్య నుండిన ఐకమత్యమే ఆ పత్రికకు పునాది.

శిశిరకుమారుడు కలకత్తాలో చదివెను. కలకత్తా విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపబడెను. ఆ యేడు జరిగిన మొట్టమొదటి ప్రవేశపరీక్షలో కృతార్థులైనవారిలో ఆయన యొకడు. పిమ్మట కళాశాలలో చేరెను గాని ఆ చదువు ఎక్కువకాలము సాగలేదు. ఆయనకు నిజమైన పాఠశాల తన జిల్లాలోని పొలములే యయ్యెను.

ఆ కాలమున జెస్సోరు, నదియా జిల్లాలలో ఆంగ్లేయదొరలు నీలిమందు తోటలు నడుపుచుండిరి. రైతుకు కొద్దిపాటి సొమ్ము బయానాగా ఇచ్చి, వాని మంచి పొలములో నీలి మొక్కను నాటుమని నిర్బంధించుచుండిరి. వరి పండవలసిన నేలలో నీలి పండెను. దాని వెల దొర చెప్పినంతయే. లెక్క చూచునప్పటికి రైతు ఎల్లప్పుడును బాకీదారుడే. తండ్రి చేసిన బాకీ కుమారునకు, కుమారుని బాకీ మనుమనికి సంక్రమించుచుండెను. ఎదిరించినవారిని కొట్టుట, గోదాములలో బంధించుట, పశువులను తోలుకొనిపోవుట సామాన్యముగా నుండెను. 1859లో రైతులు ఇక నీలిని నాటమని ఏకముగా తిరుగబడిరి. శిశిరకుమారునికి అప్పుడు ఇరువది యేండ్లు నిండలేదు. ఆయన గ్రామగ్రామము తిరిగి రైతులకు ధైర్యము చెప్పి, కన్నవి విన్నవి వివరముగా వ్రాసి కలకత్తాలో హరిశ్చంద్ర ముఖర్జీ నడుపుచుండిన హిందూ పేట్రియట్ పత్రికకు పంపుచుండెను. పల్లెలో జరుగు దౌర్జన్యము అచ్చులో కనబడినప్పుడు పట్టణమున అధికారులు ఉలికిపడుట ఆయన గమనించెను. 1860లో ప్రభుత్వము విచారణసంఘమును నియమింపవలసి వచ్చెను. అచ్చక్షరమునకు ఎంత బలము గలదో ఆ యువకుడు అప్పుడే గ్రహించెను.

అన్నదమ్ములకు సొంతముగా ముద్రణాలయము పెట్టవలెనను కోరిక కలిగెను. చేత ధనము లేదు. శిశిరకుమారుడు కలకత్తా వెళ్ళి ముప్పదిరెండు రూపాయలకు ఒక పాత కొయ్య యంత్రమును కొనెను. అక్షరములు కూర్చుట, సిరా పూయుట, కాగితమొత్తుట తానే అచ్చట నేర్చుకొని, ఆ యంత్రమును పల్లెకు చేర్చి సోదరులకును ఊరివారికిని ఆ పని నేర్పెను. సంపాదకుడే అక్షరములు కూర్చువాడు, అతడే ప్రూఫులు దిద్దువాడు, అతడే యంత్రము త్రిప్పువాడు. 1868 ఫిబ్రవరి 20వ తేదీన ఆ కొయ్య యంత్రమునుండి అమృతబజారు పత్రిక అను వంగభాషా వారపత్రిక వెలువడెను. రైలు లేని, తంతి లేని పల్లెనుండి దేశభాషలో వెలువడిన ఆ చిన్న పత్రిక జిల్లా అధికారులను పేరుపెట్టి విమర్శించుటకు వెనుదీయలేదు.

కొన్ని నెలలైనను గడువకముందే పత్రికపై పరువునష్టపు నేరము మోపబడెను. ఒక ఆంగ్లేయోద్యోగి నడవడిని గూర్చి పత్రికలో ప్రకటింపబడిన వార్తయే దానికి కారణము. విచారణ నెలల తరబడి సాగెను. శిశిరకుమారునిపై నేరము రుజువు కాలేదు గాని, పత్రికకు సంబంధించిన మరి యిద్దరు చెరసాల పాలైరి. కుటుంబపు ఆస్తి హరించిపోయి, అప్పులు మిగిలెను. పిమ్మట ఆ ప్రాంతమున విషజ్వరములు ప్రబలగా 1871లో సోదరులు ఊరు విడిచి కలకత్తా చేరి, అచ్చట మరల పత్రికను నిలబెట్టిరి. అప్పటికే, అనగా 1869 నుండియే, పత్రికలో కొన్ని పుటలు ఆంగ్లమున అచ్చగుచుండెను. ఈ సంగతి చిన్నదిగా కనబడినను, తరువాతి కథకు మిక్కిలి ముఖ్యమైనది.

1877లో సర్ ఆష్లీ ఈడెన్ వంగదేశమునకు లెఫ్టినెంటు గవర్నరయ్యెను. ఈయన చరిత్ర విచిత్రమైనది. నీలిమందు కలహముల నాడు బారాసాతులో మేజిస్ట్రేటుగా నుండి, తన పొలమున ఏది పండించుకొనుటకైనను రైతుకు స్వేచ్ఛ గలదని తీర్పరించి, నీలిదొరల ఆగ్రహమునకు గురియైన ధర్మబుద్ధి ఈయనయే. కాని పదునెనిమిదేండ్ల తరువాత రాష్ట్రపాలన చేతికి వచ్చినప్పుడు, తన ప్రభుత్వమును విమర్శించు పత్రికలను ఈయన సహింపలేకపోయెను. ఈడెన్ శిశిరకుమారుని పిలిపించి, పత్రికకు సర్కారు ఆదరము లభించునని, అయితే విమర్శవ్యాసములను ప్రకటింపకముందు తనకు చూపవలెనని కోరెనని ఘోషు కుటుంబమున చెప్పుకొనెడివారు. దేశములో నిజాయతీ గల పత్రికాకారుడు ఒక్కడైనను మిగులవలెను గదా యని శిశిరకుమారుడు వినయముగనే బదులు చెప్పి వచ్చెనట. ఆ సంభాషణము అక్షరాల అట్లే జరిగెనో లేదో గాని, ఆ పిమ్మట జరిగినది మాత్రము చరిత్రప్రసిద్ధము.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశము మహాక్షామమున అల్లాడెను. మన పెద్దలు ధాత కరువని నేటికిని చెప్పుకొనునది అదియే. బళ్ళారి, కడప, కర్నూలు సీమలలో లెక్కకు మిక్కిలిగా జనులు మరణించిరి. ఆ సమయముననే, 1877 జనవరిలో, రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు ఢిల్లీలో వైభవముగా దర్బారు జరిపెను. ఇంకొకవైపు రష్యా, టర్కీల మధ్య యుద్ధము నడచుచుండెను. రష్యా మధ్య ఆసియా మీదుగా హిందూదేశపు పొలిమేరకు వచ్చునను భయము ఆంగ్లప్రభుత్వమును వేధించుచుండెను. దేశభాషాపత్రికలు ఈ విషయములన్నిటిని తీవ్రముగా విమర్శించెను. అప్పుడు లిట్టన్ ప్రభుత్వము 1878 మార్చి 14వ తేదీన దేశభాషాపత్రికల చట్టమును ఒక్క సమావేశములోనే ఆమోదింపజేసెను.

ఆ చట్టపు విధానమిట్టిది. దేశభాషలో పత్రిక నడుపువానిని మేజిస్ట్రేటు పిలిపించి, రాజద్వేషము పుట్టించు వ్రాతలు ప్రకటింపనని ముచ్చలికా వ్రాయించుకొనవచ్చును. జామీను సొమ్ము కట్టుమని కోరవచ్చును. మాట తప్పెనని తోచినచో ఆ సొమ్మును, ముద్రణాలయమునుకూడ స్వాధీనము చేసికొనవచ్చును. ఆ నిర్ణయముపై న్యాయస్థానమునకు పోవుటకు వీలు లేదు. అన్నిటికంటె వింతయైన సంగతి, ఆంగ్లపత్రికలకు ఈ చట్టము వర్తింపకుండుట. ఒకే మాటను ఆంగ్లమున వ్రాసిన విమర్శ యగును, వంగభాషలో వ్రాసిన నేరమగును. ప్రజలు దీనిని గొంతు నొక్కు చట్టమని పిలిచిరి. దక్షిణాదికి దీనిని వర్తింపజేయలేదు. అందుచేతనే రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు 1874లో ప్రారంభించిన వివేకవర్ధని మున్నగు తెలుగు పత్రికలకు ఈ ఉరి తగులలేదు.

అమృతబజారు పత్రికను ఉద్దేశించియే ఈ చట్టము పుట్టినదని నాడు పలువురు తలంచిరి. పత్రిక ముచ్చలికా వ్రాయునా, మూతపడునా యని అందరును ఎదురుచూచుచుండగా, చట్టము వచ్చిన వారమునకు, మార్చి 21వ తేదీన, పత్రిక పూర్తిగా ఆంగ్లభాషలో వెలువడెను. మొదటి పంక్తి మొదలు చివరి పంక్తి వరకు ఒక్క వంగాక్షరమైనను అందు లేదు. దేశభాషాపత్రికయే కానప్పుడు ఆ చట్టము దాని నేమి చేయగలదు? ఆంగ్లపుటలను కూర్చుట పదేండ్లనుండి అలవాటగుటచే ఈ మార్పు సాధ్యమయ్యెను. రాత్రికి రాత్రి పత్రిక భాష మారెనని జనులు కథలుగా చెప్పుకొనిరి. వారము దినములలోనైనను అది సామాన్యమైన పని కాదు.

ఈ యుపాయమును తలచుకొని మనము చప్పట్లు చరచుట సహజమే. కాని దీనిలోని దుఃఖమును మరువరాదు. జెస్సోరు పల్లెలో రైతు చదువుకొనుటకై, చదువురానివాడు ప్రక్కవానిచేత చదివించుకొని వినుటకై పుట్టిన పత్రిక అది. తల్లి పేరు ధరించిన పత్రిక తల్లి భాషను విడువవలసి వచ్చెను. ఆంగ్లము తెలిసిన వకీళ్ళు, ఉద్యోగులు, దేశమందలి ఇతరరాష్ట్రముల విద్యావంతులు దానిని చదువనారంభించిరి. దాని కీర్తి హిమాలయము మొదలు కన్యాకుమారి వరకు వ్యాపించెను. కాని నీలిపొలములోని రైతుకు అది మూగయయ్యెను. పత్రిక బ్రదికినది, పాఠకుడు దూరమైనాడు. ఇంటిలో నొక భాష, వీధిలో నొక భాష మాటాడుకొను మనకు ఈ నష్టమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇతరులకు ఆ యవకాశమును లేకపోయెను. ద్వారకానాథ విద్యాభూషణుడు నడుపుచుండిన సోమప్రకాశ పత్రికను 1879లో ముచ్చలికా కోరగా, ఆయన దానికి తలయొగ్గక పత్రికనే కొంతకాలము నిలిపివేసెను. ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్ మహాశయుడు పార్లమెంటులో ఈ చట్టమును ఖండించెను. తుదకు రిపన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున, 1882లో, అది రద్దయ్యెను. అమృతబజారు పత్రిక మాత్రము ఆంగ్లమునందే నిలిచిపోయెను.

ఇక మనము మొదట ప్రస్తావించిన రాజరహస్యముల కథకు వత్తము.

1885లో ప్రతాపసింహుడు కాశ్మీర సింహాసనమెక్కెను. కాశ్మీరమునకు ఉత్తరమున గిల్గిట్టు కలదు. దానికి పైన హుంజా, నగరు అను చిన్న సంస్థానములు, వానికి ఆవల పామీరు పర్వతములు. రష్యాసైన్యములు 1884లో మెర్వును ఆక్రమించెను. 1885లో పంజ్‌దేహ్ వద్ద ఆఫ్ఘనులతో పోరాడెను. 1888లో గ్రొంబ్‌చెవ్‌స్కీ యను రష్యా సైనికోద్యోగి హుంజా వరకు వచ్చెను. కనుక ఉత్తరపు కనుమలను గూర్చి ఆంగ్లేయులకు గల భయము కేవలము కల్పితము కాదు. గిల్గిట్టు తమ చేతిలో నుండవలెనని వారు కోరిరి. 1889 మార్చి మాసమున మహారాజు తనంత తానుగా పాలనాధికారమును విడిచినట్లు ఒక శాసనము వెలువడెను. రాజ్యభారము ఒక పరిషత్తు చేతికి, దానిపై పెత్తనము రెసిడెంటు చేతికి వచ్చెను. మహారాజు రష్యావారికి ఉత్తరములు వ్రాసెనని, పాలన చేతకానివాడని ప్రచారము జరిగెను. నిందను విచారించుమని, లేకున్న ఈ అవమానము భరింపలేనని ఆ రాజు రాజప్రతినిధి లాన్స్‌డౌన్ ప్రభువునకు దీనముగా వ్రాసికొనెను. ఆయన మొర ఫలింపలేదు.

1889 అక్టోబరు మొదటివారమున అమృతబజారు పత్రికలో ఒక సంచలనాత్మకమైన ప్రకటన వెలువడెను. అది ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండు 1888 మే మాసమున నాటి రాజప్రతినిధి డఫరిన్ ప్రభువునకు వ్రాసిన రహస్యలేఖనమని చెప్పబడినది. గిల్గిట్టును బాహాటముగా ఆక్రమించినచో కాశ్మీర దర్బారు ఎదురు తిరుగునని, కొద్దిమంది సైనికోద్యోగులను పంపి క్రమముగా ఆ పొలిమేర రక్షణను తమ చేతికి తెచ్చుకొనుట మేలని అందలి సారాంశము. దీనిని ప్రచురించి పత్రిక ఒక ప్రశ్న వేసెను. మహారాజును తొలగించినది ఆయన దుష్పరిపాలన వలననా, లేక గిల్గిట్టు కావలసి యుండుట వలననా?

ఆ కాగితము పత్రికకు చేరిన విధమును గూర్చి ఒక కథ జనుల నోట నేటికిని వినవచ్చును. రాజప్రతినిధి కార్యాలయములోని చెత్తబుట్టనుండి చింపిన ముక్కల నేరి ఎవరో అతికిరని ఆ కథ చెప్పును. పత్రిక చదివిన వెంటనే మహారాజు లండను నగరమునకు పోయి తన రాజ్యమును కాపాడుకొనెనని మరికొందరందురు. ఇది సరికాదు. మహారాజు లండను పోలేదు, వెంటనే ఆయనకు అధికారమును రాలేదు. గొప్పవారి చుట్టు ఇట్టి కథలు అల్లుకొనుట వాడుకయే గాని, చరిత్ర చదువువారు వానిని వేరుచేసి చూడవలెను.

ప్రభుత్వము కలవరపడెను. ఆ యేడు ఆగస్టులోనే ఇంగ్లండు పార్లమెంటు అధికార రహస్యముల చట్టము నొకదానిని చేసి యుండెను. దాని ననుసరించి మన దేశమునందును అట్టి చట్టము 1889 అక్టోబరు 17వ తేదీన సిమ్లాలో ఆమోదింపబడెను. కావున ఆ చట్టము అమృతబజారు పత్రిక వలననే పుట్టినదనుట పూర్తిగా నిజము కాదు గాని, ఆ సమావేశమున అందరి మనస్సులందును మెదలినది ఆ పత్రికయే. లాన్స్‌డౌన్ ప్రభువు స్వయముగా దానిని ప్రస్తావించి, ప్రకటింపబడిన లేఖనములో మొదటిభాగము చాలవరకు నిజమైనదేయని, తక్కినది కల్పితమని ప్రకటించెను. నమ్మకద్రోహము చేసి ప్రభుత్వకాగితమును బయటికిచ్చుట, ఇచ్చినదానిని మార్చి ప్రకటించుట రెండును దోషములేయని ఆయన వాదము.

ఇచ్చట మనము తొందరపడక ఇరుపక్షముల మాటను తూచి చూతము. ప్రభుత్వమునకు రహస్యములు అక్కరలేదనుట అవివేకము. సైన్యమెంత, ఏ కనుమలో ఏ దినమున నుండును, కోట గోడ ఎచ్చట బలహీనము అను సంగతులు శత్రువునకు తెలిసినచో సైనికుల ప్రాణములు పోవును. ఒక ఉద్యోగి తన పై యధికారికి మనసు విప్పి సలహా వ్రాయవలెనన్నను, అది మరునాడు వీధిలో చదువబడదను నమ్మకముండవలెను. ఈ రెండును న్యాయమైన మాటలే. కాని ఆ లేఖనములో కోటల కొలతలు లేవు, సైన్యముల దారులు లేవు. అందున్నది పాలకుల ఉద్దేశము. బయటికి చెప్పిన కారణమొకటి, లోపల వ్రాసికొన్న కారణము వేరొకటియై యుండునను అనుమానమునకు అది తావిచ్చెను. నిందమోపబడిన మహారాజునకు న్యాయవిచారణ జరుగలేదు. ప్రజలకు చట్టసభలో ప్రతినిధులు లేరు. అట్టి యెడల పాలకుల మాటను పరీక్షించుటకు పత్రిక తప్ప వేరు సాధనమేది? దేశరక్షణ అను మాటను పొలిమేరను కాపాడుటకును వాడవచ్చును, తప్పును కప్పుటకును వాడవచ్చును. ఏది దేనికై వాడబడినదో తేల్చు అధికారము ఆ మాట పలికినవారికే యుండినచో, న్యాయమునకు చోటులేదు.

అట్లని పత్రిక బాధ్యత తక్కువ కాదు. బహిరంగమైన సంగతిలో పొరపాటు దొర్లినచో నలుగురును చూచి దిద్దుదురు. రహస్యపత్రమును ఇతరులెవ్వరును సరిచూడలేరు. కావున దానిని ప్రకటించువాడు ప్రతి అక్షరమునకును రెండింతలు జాగ్రత్త వహింపవలెను. కొంత నిజము, కొంత కల్పితమను రాజప్రతినిధి మాట పత్రిక ప్రతిష్ఠకు కొంత దెబ్బయే. మూలము ప్రభుత్వపు పెట్టెలో భద్రముగా నుండగా, పాఠకుడు ఆ మాటను కాదనను లేడు, ఔననను లేడు. అయితే మొదటిభాగము నిజమేయని ఆయన యొప్పుకొనుటచే, పత్రిక అడిగిన ప్రశ్న నిలిచియే యుండెను.

జవాబు కొంతవరకు కాలమే చెప్పెను. 1889లోనే గిల్గిట్టులో ఆంగ్లేయుల ఏజెన్సీ నెలకొల్పబడి, అల్జర్నాన్ డ్యూరాండు అను సైనికోద్యోగి అచ్చటికి ఏజెంటుగా వెళ్ళెను. ఆయన విదేశాంగ కార్యదర్శికి తమ్ముడు. 1891లో హుంజా, నగరులపై యుద్ధము జరిగెను. ఇంగ్లండులో చార్లెస్ బ్రాడ్లా 1890 జూలైలో కాశ్మీరవిషయమును పార్లమెంటున చర్చకు తెచ్చెను. ప్రతాపసింహునకు 1905లో కొంత అధికారము, 1921లో పూర్ణాధికారము తిరిగి లభించెను. రాజ్యమును పూర్తిగా కలుపుకొనకుండ ఆంగ్లేయులు వెనుదీయుటకు పత్రిక లేవదీసిన సంచలనమును కొంత కారణమై యుండవచ్చునని పలువురు తలంతురు.

ఈ కాలమునకే శిశిరకుమారుడు పత్రికాభారమును క్రమముగా తమ్ముడు మోతీలాలునకు అప్పగించుచు, తన మనస్సును భక్తిమార్గమునకు మరల్చెను. చైతన్యమహాప్రభువు చరిత్రమును అమియ నిమాయి చరితమను పేర వంగభాషలో రచించెను. పత్రికకై విడిచిన మాతృభాషకు ఆయన ఈ గ్రంథముచే ఋణము తీర్చుకొనెనని మనము భావింపవచ్చును. 1891లో పత్రిక దినపత్రికయయ్యెను. ఆ యేడే బాలికల సమ్మతివయస్సునకు సంబంధించి వచ్చిన సంస్కారశాసనమును పత్రిక గట్టిగా వ్యతిరేకించెను. నేడు మనము చూచినచో అది పొరపాటనియే తోచును. స్వతంత్రమైన పత్రిక ఎల్లప్పుడును సరియైనదే చెప్పునని తలంపరాదు. తప్పు చెప్పినప్పుడు ఎదిరించి వ్రాయుటకు వేరొక పత్రిక యుండవలెను.

లోకమాన్య తిలకుగారు శిశిరకుమారుని గురుభావముతో గౌరవించెడివారు. 1911 జనవరి 10వ తేదీన శిశిరకుమారుడు పరమపదించెను. మోతీలాలు 1922 వరకు పత్రికను నడిపి కీర్తిశేషుడయ్యెను. ముప్పదిరెండు రూపాయల కొయ్య యంత్రమునుండి పుట్టిన పత్రిక నూట ఇరువది యేండ్లకు పైగా జీవించి 1991లో ఆగిపోయెను.

పత్రిక ఆగినను, ఆనాటి చట్టపు సంతతి ఆగలేదు. 1889 చట్టమును కర్జను ప్రభువు 1904లో మరింత కఠినము చేసి, సైనికవిషయములనే గాక ఇతర ప్రభుత్వ వ్యవహారములనుకూడ దాని క్రిందికి తెచ్చెను. 1923లో దాని స్థానమున క్రొత్త అధికార రహస్యముల చట్టము వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను అది నిలిచి, నేటికిని అమలులో నున్నది. దానికి ప్రతిగా 2005లో సమాచారహక్కు చట్టము వచ్చెను. రహస్యముగా నుంచుటవలన కలుగు రక్షణకంటె వెల్లడించుటవలన కలుగు ప్రజాహితమే అధికమైనచో, సమాచారమును ఈయవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. 2019లో ఒక వ్యాజ్యమున, పత్రికలో అచ్చైన రక్షణశాఖ కాగితములను న్యాయస్థానము చూడరాదని ప్రభుత్వము చేసిన అభ్యంతరమును సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. పూర్వము త్రాసు ఒక్క చేతిలోనే యుండెను. ఇప్పుడు దానిని పట్టి చూచుటకు న్యాయస్థానమొకటి కలదు. వాదము మాత్రము తీరలేదు, తీరునదియు కాదు.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు ప్రభుత్వోద్యోగులై రహస్యములను కాపాడవలసినవారగుదురు. కొందరు పత్రికలలో పనిచేసి వానిని వెదకవలసినవారగుదురు. కాపాడువారు తాము దాచుచున్నది దేశమునా, తప్పునా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. వెదకువారు తాము చెప్పునది నిజమా, చెప్పుటవలన ఎవరి ప్రాణమునకైన హాని గలదా యని విచారింపవలెను. తల్లిదండ్రులకును ఒక మనవి. శిశిరకుమారునివలె మన పిల్లలు ఇతరభాషలను నేర్చి లోకముతో మాటాడవలసినదే. కాని ఆయనకు పట్టిన దుర్విధి నేడు మనకు లేదు. తెలుగులో వ్రాసిన మాటకు ముచ్చలికా అడుగువారెవ్వరును లేరు. ఈ పాఠశాలలో, ఈ సంచికలో, పొరుగుభాషల నడుమ మన పిల్లలు తమ భాషలో తమ పేర వ్రాయగలుగుచున్నారు. ఇంటిలో సాయంకాలము ఈ పుటను వారిచేత బిగ్గరగా చదివించుకొని వినుడు.